పాస్‌బుక్కు చదువుదాం – పోయిన డబ్బు అడుగుదాం



మనం అక్షరాలు నేర్చుకున్నాం. కూడికలు, తీసివేతలు నేర్చుకున్నాం. ఈ చదువు మనకు ఎక్కడ పనికొస్తుంది? ఒక అక్కకు ఎలా పనికొచ్చిందో చదవండి.

ఆ అక్క మన కేంద్రంలోనే చదువుకుంది. ఆమెకు ఒక గేదె ఉంది. పాలకేంద్రం వాళ్లు 15 రోజులకు ఒకసారి ఆమె బ్యాంకు ఖాతాలో పాల డబ్బులు వేస్తారు. వేసిన డబ్బు, తీసిన డబ్బు ఆమె నోటుపుస్తకంలో రాసుకుంటుంది.

ఒకరోజు దాణా బస్తా కొనాలని బ్యాంకుకు పోయింది. ఆమె లెక్క ప్రకారం ఖాతాలో 1,460 రూపాయలు ఉండాలి. 1,400 కావాలని కాగితం రాసి ఇచ్చింది.

"అంత లేదమ్మా. 1,106 రూపాయలే ఉన్నాయి" అన్నాడు గుమాస్తా.

అక్క గుండె గుభేలుమంది. మిగతా డబ్బు ఏమైనట్టు? దాణా తగ్గితే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే ఇల్లు గడవదు.

అంతకు ముందైతే ఆమె ఏం చేసేది? వేలిముద్ర వేసి, ఇచ్చింది తీసుకుని ఇంటికొచ్చేది. కానీ ఆరోజు అట్లా రాలేదు. "సార్, నా పాస్‌బుక్కులో లెక్క అచ్చు వేసి ఇవ్వండి" అని అడిగింది. బల్ల మీద కూర్చుని ఒక్కొక్క వరుస చదివింది.

పాస్‌బుక్కులో మూడు గడులు ముఖ్యం. ఒకటి తీసిన డబ్బు. రెండు జమ అయిన డబ్బు. మూడు నిల్వ, అంటే మిగిలిన డబ్బు. తీసిన డబ్బు గడిలో 118 అనే అంకె మూడుచోట్ల కనిపించింది. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి. పక్కన ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. అక్కడున్న ఒక కాలేజీ పిల్లను అడిగింది. "మినిమం బ్యాలెన్స్ ఛార్జీ అని ఉంది పెద్దమ్మా" అంది ఆ పిల్ల.

అక్క లెక్క వేసింది.

118 + 118 + 118 = 354
1,460 – 354 = 1,106

పోయిన డబ్బు దొరికింది. గుమాస్తా దగ్గరకు మళ్లీ పోయింది.

"ఎందుకు కోశారు సార్?"

"కంప్యూటర్ కోసిందమ్మా. మా చేతిలో ఏం లేదు."

"కంప్యూటర్‌కు కోయమని చెప్పింది ఎవరు సార్?"

గుమాస్తా మాట్లాడలేదు. అక్క ఇంటికి వచ్చి, సాయంత్రం పాస్‌బుక్కుతో కేంద్రానికి వచ్చింది. అందరం కలిసి చూశాం.

ఆ కోత న్యాయమా?

కొన్ని ఖాతాల్లో ఎప్పుడూ కొంత డబ్బు ఉంచాలని బ్యాంకు నియమం పెడుతుంది. దాన్నే కనీస నిల్వ అంటారు. అది తగ్గితే జరిమానా వేస్తుంది. ఇక్కడ జరిమానా 100 రూపాయలు. దాని మీద పన్ను 18 రూపాయలు. మొత్తం 118.

కానీ అక్కది జనధన ఖాతా. జనధన యోజన 2014లో మొదలైంది. ఈ ఖాతాలో కనీస నిల్వ ఉంచాల్సిన పని లేదు. డబ్బు సున్నా అయినా జరిమానా వేయకూడదు. పాస్‌బుక్కు కూడా ఊరికే ఇవ్వాలి. కాబట్టి ఆ 354 రూపాయలు కోయడం తప్పు.

మామూలు ఖాతాలకూ నియమాలున్నాయి. నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా మనకు తెలపాలి. సరిచేసుకోవడానికి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. జరిమానాల వల్ల ఖాతా సున్నా కంటే కిందికి పోకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు. దేశంలోని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు పెద్ద.

అయితే ప్రతి కోతా తప్పు కాదు. మనం తీసుకున్న అప్పు కిస్తీ కావచ్చు. మనం సంతకం పెట్టిన బీమా కావచ్చు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు కోస్తారు. మనం ఒప్పుకుని ఉంటే అది సరైనదే. ఒప్పుకోకుండా కోస్తే అడగాలి. అందుకే ముందు చదవాలి. తర్వాత అడగాలి.

అక్క రాసిన ఉత్తరం

మేనేజరు గారికి,

అయ్యా,

నా ఖాతా నంబరు ............ ఇది జనధన ఖాతా. దీనికి కనీస నిల్వ అవసరం లేదు. కానీ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నెలకు 118 రూపాయల చొప్పున మొత్తం 354 రూపాయలు కోశారు. ఈ డబ్బు నా ఖాతాలో తిరిగి జమ చేయండి. ఏ కారణంతో కోశారో రాసి ఇవ్వండి. పాస్‌బుక్కు పేజీ నకలు జత చేశాను.

ఇట్లు,
(సంతకం, తేదీ)

ఉత్తరం రెండు కాగితాల మీద రాసింది. ఒకటి బ్యాంకులో ఇచ్చింది. రెండోదాని మీద "అందినది" అని ముద్ర, తేదీ వేయించుకుంది. ఆ కాగితం చాలా ముఖ్యం. అది లేకపోతే "నువ్వు ఎప్పుడిచ్చావు?" అంటారు.

మేనేజరు గారు ఉత్తరం చదివారు. ఆ అక్క ఖాతా కంప్యూటర్‌లో పొరపాటున మామూలు ఖాతాగా మారిందని తేలింది. 19 రోజులకు 354 రూపాయలు తిరిగి జమ అయ్యాయి. అక్క ఆ వరుస మాకు చూపించి, వేలు పెట్టి చదివింది. "ఇది నా సంతకం తెచ్చిన డబ్బు" అంది.

ఆ వారమే ఇంకో ఇద్దరు తమ పాస్‌బుక్కులు తెచ్చుకున్నారు.

బ్యాంకు పలకకపోతే?

30 రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా అంబుడ్స్‌మన్‌కు రాయండి. అంబుడ్స్‌మన్ అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి. రిజర్వు బ్యాంకు ఈ ఏర్పాటు చేసింది. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. తెలుగులో రాసినా తీసుకుంటారు. ముద్ర వేయించుకున్న ఉత్తరం నకలు జత చేయండి. ఆలస్యం చేయవద్దు.

చిరునామా: భారతీయ రిజర్వు బ్యాంకు, ఫిర్యాదుల స్వీకరణ కేంద్రం, 4వ అంతస్తు, సెక్టార్ 17, చండీగఢ్ – 160017.

సందేహం ఉంటే 14448 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

జాగ్రత్త! "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, పిన్ నంబరు చెప్పండి, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే చెప్పవద్దు. వాళ్లు దొంగలు.

గుర్తుంచుకోండి

1. నెలకొకసారి పాస్‌బుక్కులో అచ్చు వేయించుకోవాలి.
2. తెలియని కోత కనిపిస్తే అడగాలి.
3. నోటితో అడిగితే సరిపోదు. రాసి ఇవ్వాలి.
4. నకలు మీద ముద్ర వేయించుకోవాలి.
5. 30 రోజుల్లో న్యాయం జరగకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయాలి.

జవాబులు రాయండి

1. అక్క ఖాతాలో ఎంత డబ్బు కోశారు?
2. ఆ కోత ఎందుకు తప్పు?
3. ఉత్తరం రెండు కాగితాల మీద ఎందుకు రాసింది?
4. నెలకు 59 రూపాయల చొప్పున 4 నెలలు కోస్తే మొత్తం ఎంత?

మీరే చేయండి

మీ పాస్‌బుక్కు కేంద్రానికి తెచ్చుకోండి. తీసిన డబ్బు గడిలోని అంకెలన్నీ చదవండి. మీరు తీయని డబ్బు ఉంటే, ఆ అంకె కింద పెన్సిలుతో గీత గీయండి. ఆ గీత చూసి ఉత్తరం మొదలుపెట్టండి.