ఏ రాష్ట్రమో చూసుకుని సెలవు పెట్టు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం, మైన్జ్‌లో గది. బాగానే ఉంది. అయితే రోజూ ఎక్కే ఆ రైలు ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రంలోకి వెళ్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ హెసెన్‌ది, మైన్జ్ రైన్‌లాండ్-ఫాల్జ్‌ది. నవంబరు 1, సకల పునీతుల పండుగ, మైన్జ్‌లో సెలవు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాదు. 2027లో ఆ రోజు సోమవారం. ఇంటి కింద కొట్లన్నీ మూసి ఉంటాయి, ఆఫీసు మాత్రం తెరిచే ఉంటుంది. ఉద్యోగికి సెలవు పనిచేసే చోటును బట్టే గాని, పడుకునే చోటును బట్టి రాదు.

జర్మనీలో పండుగ సెలవులు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. కేంద్రం తానుగా నిర్ణయించింది ఒక్కటే: అక్టోబరు 3, తూర్పు పడమరలు మళ్లీ ఒకటైన రోజు. మన గాంధీ జయంతికి మర్నాడు కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. 1990 నాటి ఏకీకరణ ఒప్పందంలోనే దాన్ని రాసుకున్నారు. దీనితో కలిపి దేశమంతటా ఉండేవి తొమ్మిది. ఆపైన ఎవరి లెక్క వాళ్లది. బెర్లిన్ 2019 నుంచి మహిళా దినోత్సవానికి సెలవిస్తోంది. బవేరియాలోని ఆగ్స్‌బర్గ్ నగరం 1650 నుంచి శాంతి పండుగ చేసుకుంటోంది. ఆగస్టు 8న ఆ ఒక్క నగరానికే సెలవు, చుట్టుపక్కల ఊళ్లకు లేదు.

అన్నిటికన్నా సాక్సనీ కథ రసవత్తరంగా ఉంటుంది. వృద్ధులకూ మంచాన పడ్డవారికీ సేవలందించడానికి 1995లో జర్మనీ ఒక కొత్త బీమా తెచ్చింది. అందులో సగం వాటా యజమానులు కట్టాలి. వాళ్ల భారానికి బదులుగా ఒక సెలవు తీసేయాలన్నారు. నవంబరులో బుధవారం నాడు వచ్చే ప్రొటెస్టెంట్ల ప్రాయశ్చిత్త దినం అలా బలైపోయింది. సాక్సనీ ఒక్కటే ఆ సెలవును వదలనంది. అందుకు అక్కడి ఉద్యోగులు ఆ బీమాకు మిగతా రాష్ట్రాల వాళ్లకన్నా ఎక్కువ వాటా నేటికీ కడుతున్నారు. డ్రెస్డెన్‌లో పనిచేసే మనవాళ్ల జీతంలోంచీ ఆ డబ్బు నెలనెలా పోతూనే ఉంటుంది. నాలుగింటికే పొద్దు వాలిపోయే నవంబరులో వారం మధ్యన ఒక రోజు దొరకడానికి అది మరీ పెద్ద ధరేం కాదని మామయ్య అభిప్రాయం.

ఇక 2027 సంగతి. పిసినారి సంవత్సరం. మే డే శనివారం, అక్టోబరు 3 ఆదివారం, క్రిస్మస్ రెండు రోజులూ శని, ఆదివారాలు. తొమ్మిదింట్లో నాలుగు గాలికి పోయాయి. ఆదివారంలో కలిసిపోయిన సెలవును సోమవారానికి జరిపే ఆచారం అక్కడ లేదు. ఈస్టర్‌ను బట్టి వచ్చేవి మాత్రం ఏ ఏడూ మోసం చేయవు. క్రీస్తు ఆరోహణ పండుగ ఎప్పుడూ గురువారమే, 2027లో మే 6న. మర్నాడు శుక్రవారం ఒక్కటి పెట్టుకుంటే నాలుగు రోజులు కలిసొస్తాయి. దివ్య సత్ప్రసాద పండుగ, మే 27, అదీ గురువారమే. ఇది అన్ని రాష్ట్రాల్లోనూ లేదు గాని హెసెన్‌లో ఉంది. ఈస్టర్ మార్చి 28న. దానికి ముందు నాలుగు, తర్వాత నాలుగు పనిదినాలు సెలవు పెడితే మార్చి 20 నుంచి ఏప్రిల్ 4 దాకా పదహారు రోజులు చేతికొస్తాయి.

ఈ లెక్క ఆఫీసులో అందరికీ వచ్చు. ఇలా మధ్యన చిక్కే శుక్రవారాన్ని వాళ్లు బ్ర్యుకెన్‌టాగ్ అంటారు, దాని మీద అందరి కన్నూ ఉంటుంది. బళ్లకు సెలవులిచ్చే రోజుల్లోనైతే పిల్లలున్న సహోద్యోగులకే సాధారణంగా మొగ్గు. కాబట్టి కొత్త ఏడాది క్యాలెండరు తెరవగానే అడిగెయ్యి. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు చట్టం ఇచ్చేది ఏడాదికి కనీసం 20 రోజులు. చాలా కంపెనీలు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. చేరిన ఆరు నెలల దాకా పూర్తి హక్కు రాదు. ఇంకో మెలిక: పండుగ సెలవుకు ముందు రోజో తర్వాతి రోజో కారణం చెప్పకుండా మానేస్తే పండుగ రోజు జీతం కూడా పోతుంది.

వంటింటి మాట. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఆదివారాలకూ పండుగలకూ ఇచ్చిన రక్షణను ఇప్పటి రాజ్యాంగం అలాగే ఉంచింది. అందుకే ఆ రోజుల్లో సూపర్ మార్కెట్లు తెరవరు. ఈస్టర్‌కు శుక్రవారం, ఆదివారం, సోమవారం మూసి ఉంటాయి. మధ్యలో శనివారం జనం విరగబడతారు. పాలు, పెరుగు, కూరలు గురువారానికే ఇంట్లో ఉండాలి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లలో కొట్లు, పెట్రోలు బంకులు దిక్కు. మందుల షాపులు వంతులవారీగా తెరుస్తారు. అత్యవసరం కాని జబ్బుకు 116117, ప్రాణం మీదికొస్తే 112.

సంక్రాంతికి రావాలనుందని మీ అమ్మ చెప్పింది. 2027 డిసెంబరు 25 నుంచి 2028 జనవరి 16 దాకా 23 రోజులు కావాలంటే 15 రోజుల సెలవు పడుతుంది. అందులో ఐదే 2027 ఖాతాలోంచి పోతాయి, మిగిలిన పదీ కొత్త ఏడాది ఖాతాలోవి. కనుమ 16న పడితే ఆ రోజు మీ అమ్మమ్మ గుమ్మం దాటనివ్వదు, కాకైనా కదలదంటుంది. సోమవారం 17 కూడా కలిపి అడుగు.

మామయ్య