పలుచని గాలిలో బంతి ఆట: కొలరాడో రాకీస్ జట్టు నిన్న, నేడు

డెన్వర్ నగరంలో కాపురం పెట్టిన తెలుగు ఇల్లాలికి ఒక సంగతి తొందరలోనే అనుభవానికి వస్తుంది. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. సముద్రమట్టానికి 5,280 అడుగుల, అంటే ఒక మైలు ఎత్తున ఉన్న ఆ నగరంలో వాయుపీడనం తక్కువ. అందువలన నీరు 100 డిగ్రీల సెల్సియస్‌కు బదులు సుమారు 95 డిగ్రీలకే మరుగుతుంది. ఆ లోటును ప్రెషర్ కుక్కరు తీరుస్తుంది. వంటింట్లో పప్పును ఉడకనివ్వని ఆ పలుచని గాలియే అక్కడి బేస్‌బాల్ జట్టు కొలరాడో రాకీస్ చరిత్రను కూడా ఎంతగానో ప్రభావితం చేసింది.

ఈ జట్టు 1993లో నేషనల్ లీగ్‌లో అవతరించింది. ఆ ఏడాది ఏప్రిల్ 9న మైల్ హై స్టేడియంలో జరిగిన తొలి స్వస్థల పోటీకి 80,227 మంది వచ్చారు. ఆ ఋతువంతటిలో వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 44,83,350. నేటివరకు మరే జట్టూ ఆ సంఖ్యను అందుకోలేదు. 1995లో జట్టు కూర్స్ ఫీల్డ్ అనే సొంత మైదానానికి మారింది. అక్కడి పై అంతస్తులో 20వ వరుస కుర్చీలకు మాత్రం ఊదారంగు వేశారు. సరిగ్గా ఒక మైలు ఎత్తుకు అది గుర్తు.

గాలి చేసే రెండు పనులు

బ్యాటు తగిలి ఎగిరిన బంతిని గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. గాలి వెనక్కు నెడుతుంది. ఈ వాయునిరోధం గాలి సాంద్రతను బట్టి ఉంటుంది. డెన్వర్‌లో వాయుసాంద్రత సముద్రతీరంలో కన్న దాదాపు ఐదోవంతు తక్కువ. కనుక తీరప్రాంతంలో 400 అడుగులు పోయే బంతి అక్కడ సుమారు 420 అడుగులు పోతుంది.

గాలి చేసే రెండవ పని బంతిని వంచడం. తిరుగుతూ పోయే బంతి తన చుట్టూ ఉన్న గాలిని ఒక పక్కకు మళ్లిస్తుంది. దానికి ప్రతిచర్యగా బంతి రెండవ పక్కకు వంగుతుంది. దీనినే మాగ్నస్ ప్రభావం అంటారు. గాలి పలుచనైతే ఈ వంపు కూడా తగ్గిపోతుంది. బంతి విసిరే పిచ్చర్‌కు ఆ వంపే ఆయుధం. కనుక డెన్వర్‌లో అతనికి నష్టం రెండు విధాల: అతని బంతి తక్కువ వంగుతుంది, కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతుంది.

ఇది ముందే ఊహించి కూర్స్ ఫీల్డ్ నిర్మాతలు కంచెను దూరంగా కట్టారు. మధ్యభాగంలో అది 415 అడుగుల దూరాన ఉంది. కాని మైదానం విశాలమైన కొద్దీ, కాపలా కాసేవారి మధ్య బంతి పడేందుకు ఖాళీ జాగా కూడా పెరిగింది. ఒక సమస్యకు చేసిన చికిత్స మరొక సమస్యను తెచ్చింది. 1999లో ఆ ఒక్క మైదానంలో 303 హోమ్ రన్‌లు నమోదయ్యాయి.

తేమగది ఉపాయం

పరిష్కారానికి దారి చూపినది మైదానంలో విద్యుత్ పనులు చూసే ఒక ఉద్యోగి. పొడిగాలికి తోలు బూట్లు ఎండి బిగుసుకుపోవడం గమనించిన ఆయనకు, తోలు తొడుగు ఉన్న బంతులకూ అదే గతి పడుతున్నదేమో అనే ఆలోచన కలిగింది. బంతి లోపల ఉన్నిదారం చుట్టి ఉంటుంది. తేమ కోల్పోయిన బంతి తేలికై, గట్టిపడి, బ్యాటునుండి ఎక్కువ వేగంతో ఎగురుతుంది. 2002 నుండి బంతులను 50 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గదిలో భద్రపరచసాగారు. ఆ తరువాతి సంవత్సరాలలో హోమ్ రన్‌లు సుమారు నాలుగోవంతు తగ్గాయి. 2022 నాటికి ప్రధాన లీగ్‌ల 30 మైదానాలలోనూ ఇట్టి ఏర్పాటు వచ్చింది.

ఘనత గాలిదా, మనిషిదా?

ఈ శాస్త్రచర్చ వెనుక ఒక మనిషి న్యాయం కూడా ఇమిడి ఉంది. లారీ వాకర్ 1997లో 49 హోమ్ రన్‌లు కొట్టి నేషనల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడుగా ఎంపికయ్యాడు. అయినా అది గాలి చలవేనని కొందరు తీసిపారేశారు. లెక్క విప్పి చూస్తే ఆ 49లో 29 ఇతర నగరాలలో కొట్టినవే! మైదానపు ప్రభావాన్ని కొలిచే పద్ధతి కూడా తేలికైనదే. జట్టు స్వస్థలంలో ఆడిన ఆటలలో ఇరుపక్షాలకూ కలిపి వచ్చిన పరుగులను, బయట ఆడిన ఆటలలో వచ్చిన పరుగులతో పోల్చాలి. ఆ నిష్పత్తిని బట్టి ఆటగాని అంకెలను సవరించాలి. అలా సవరించినా వాకర్ ఘనత నిలిచింది. 2020లో, తన పదవ మరియు చివరి అవకాశంలో, 75 శాతం ఓట్లు కావలసిన చోట 76.6 శాతం పొంది అతడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రవేశించాడు. 17 ఏళ్లూ రాకీస్‌కే ఆడిన టాడ్ హెల్టన్‌కు 2024లో ఆ గౌరవం దక్కింది.

జట్టు జాతకం మాత్రం ఎగుడుదిగుడుగా సాగింది. 2007లో 22 ఆటలలో 21 గెలిచి వరల్డ్ సిరీస్ చేరింది. అక్కడ బోస్టన్ చేతిలో వరుసగా నాలుగు ఆటలు ఓడింది. 2023, 2024 సంవత్సరాలలో నూరుకు పైగా ఓటములు చూసింది. 2025లో 162 ఆటలలో 43 మాత్రమే నెగ్గింది. ఈ ఓటములను గాలి మీదికి నెట్టడం కుదరదు. ఆ మైదానానికి వచ్చిన ప్రత్యర్థులు పీల్చినదీ ఆ గాలినే.

టెలివిజన్ ముందు కూర్చుని అంకెలను వల్లించే పిల్లలను పెద్దలు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "ఈ అంకె ఎక్కడ పుట్టింది?" ఆ ప్రశ్న వేయడం నేర్చుకున్న పిల్లవాడు అంకెను చూసి మోసపోడు, అంకె వెనుక ఉన్న మనిషికి అన్యాయమూ చేయడు.