బాలకంఠము - సంగీతాభ్యాసము

"మా పిల్లకు పాటయన్న మిక్కిలి ఇష్టము, ఏ యేట సంగీతమునకు పెట్టవలెను?" అని కొందఱు తలిదండ్రులు మమ్ము నడుగుచుందురు. "చిన్నతనమున పాడించినచో గొంతు చెడదా?" అని మఱికొందఱు సందేహింతురు. రెండు ప్రశ్నలకును మా సమాధాన మొక్కటియే. చెవికి శిక్షణ మెంత ముందుగా ప్రారంభించిన నంత మేలు. గొంతునకు శ్రమ యెంత ఆలస్యముగా కలిగించిన నంత క్షేమము.

ఇందులకు కారణము కంఠనిర్మాణమునందే యున్నది. మన స్వరపేటికలో రెండు స్వరతంత్రులు కలవు. ఊపిరితిత్తులనుండి వచ్చు గాలికి అవి కంపింపగా నాదము పుట్టును. 1854వ సంవత్సరమున మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుడు అద్దముల సాయమున తన స్వరతంత్రుల కదలికను తానే చూడగలిగెను. ఇవి పెద్దవారిలో స్త్రీలకు సుమారు 12 నుండి 17, పురుషులకు 17 నుండి 25 మిల్లీమీటర్ల పొడవుండును. పిల్లలవి ఇంకను పొట్టివి, లేతవి. వాని లోపలి పొరలు యౌవనము వచ్చువఱకు పూర్తిగా నేర్పడవు.

కావున మూడు నాలుగేండ్ల బిడ్డకు పాఠము వలదు. ఇంట జోలపాటలు, ఆటపాటలు వినిపించి, చప్పట్లతో లయ నలవఱచిన చాలును. ఆఱేడేండ్ల ప్రాయమున క్రమమైన పాఠము మొదలుపెట్టవచ్చును. మాయామాళవగౌళ రాగమున సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, పిమ్మట గీతములు అను మన పాఠక్రమమును పురందరదాసు ఏర్పఱచెనని పెద్దలు చెప్పుదురు. స్వరములు మెట్టుమెట్టుగా నెక్కి దిగుటచే నీ వరుస పిల్లలకు మిక్కిలి అనుకూలము. మొదట షడ్జ పంచమముల నడుమ పాడించి, సులభమైన పిదపనే తారషడ్జమునకు పోవలెను.

శ్రుతి నిర్ణయమున జాగ్రత్త ముఖ్యము. పై స్వరము పాడునపుడు మెడనరములు ఉబ్బినను, గడ్డము పైకి లేచినను శ్రుతి హెచ్చైనదని గుర్తు. వెంటనే అర శ్రుతియో, ఒక శ్రుతియో తగ్గింపవలెను. సినిమాపాటను పెద్ద గాయకుల శ్రుతిలోనే పాడుమని బిడ్డను బలవంతపెట్టరాదు. నిటారుగా కూర్చుండి, భుజము లెత్తక, నెమ్మదిగా ఊపిరి పీల్చుట నేర్పవలెను. చిన్నవారికి ఒకసారికి 15 నిమిషములు చాలును. మధ్యమధ్య మంచినీరు త్రాగింపవలెను. జలుబు, దగ్గు, గొంతునొప్పి యున్న దినములలో పాట మానుటయే అభ్యాసము.

పాఠశాల ఉత్సవములు సమీపించినపుడు "ఇంకను గట్టిగా" అనుట మన ఉపాధ్యాయుల కలవాటు. అపాయ మచ్చటనే యున్నది. అఱచి పాడుటవలనను, ఆటస్థలమున కేకలు వేయుటవలనను స్వరతంత్రులపై చిన్న బుడిపెలు లేచి గొంతు బొంగురుపోవును. గొంతునకు విశ్రాంతి నిచ్చినను మూడు వారములలో బొంగురు తగ్గనిచో చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను. ఊపిరి యాడుట కష్టమైనచో ఒక్కదినమైనను ఆగరాదు.

సాధారణముగా 12 నుండి 15 ఏండ్ల నడుమ మగపిల్లల గొంతు మాఱి, సుమారొక స్థాయి క్రిందికి దిగును. ఆడపిల్లల గొంతును మాఱును గాని, రెండు మూడు స్వరములకు మించదు. ఈ కాలమున పాట పూర్తిగా మాననక్కఱలేదు. సుఖముగా పలుకు స్వరములలో మెల్లగా పాడించి, శ్రుతిని మరల మరల పరీక్షించుచుండవలెను. విద్యార్థులారా, తోడివాని గొంతు జీరవోయినపుడు నవ్వకుడు. ఆ నవ్వునకు వెఱచి పాట విడిచినవా రెందఱో కలరు.

శ్రుతి కలియని బిడ్డతో "నీకు గొంతు లేదు" అని యెన్నడును అనరాదు. అట్టివారిలో పెక్కుమందికి లోపము గొంతున లేదు. విని పోల్చుకొను నేర్పు ఇంకను కుదురలేదు, అంతియే. ఒక్క స్వరమును వినిపించి, మెల్లగా అనుమని, కలిసినపుడు మెచ్చుకొనుడు. ఓపిక పట్టినచో ఆ బిడ్డయు పదిమందితో కలిసి పాడగలదు.