బుద్ధి మారిందా, జబ్బు చేసిందా?

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటి పెద్దకు యాభై రెండేళ్లు. బట్టల దుకాణం నడిపేవాడు, లెక్కలో పైసా తేడా రానిచ్చేవాడు కాదు. ఏడాదిగా అడిగినవారికల్లా అరువిస్తున్నాడు. భార్య జ్వరంతో పడి ఉన్నా పట్టించుకోడు. జనాజా దగ్గర నవ్వుతాడు. మిఠాయి కనబడితే చేయి ఆగదు. పేర్లు, దారులు, పాత సంగతులు మాత్రం బాగానే గుర్తున్నాయి. అందుకే ఇది జబ్బని ఎవరికీ తోచదు. "బుద్ధి చెడింది" అని బంధువులు, "గాలి సోకింది" అని ఇరుగుపొరుగు అంటారు.

ఇవి ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా లక్షణాలు కావచ్చు. నేటి పాఠం దాని గురించే.

జబ్బు ఏమిటి?

నుదుటి వెనుక, కణతల దగ్గర ఉండే మెదడు భాగాలు క్రమంగా క్షీణించడమే ఈ జబ్బు. మంచిచెడు తూచడం, కోరికను ఆపుకోవడం, ఎదుటివారి బాధ తెలుసుకోవడం, మాట్లాడడం ఆ భాగాల పనులు. కొందరిలో ముందు ప్రవర్తన మారుతుంది, కొందరిలో ముందు మాటలు పోతాయి. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే సంపాదించే మనిషే మంచాన పడినట్టు. హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌కు ఈ జబ్బు ఉందని ఆయన కుటుంబం 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

ఇది పరాయి దేశాల జబ్బు కాదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. వారిలో ఈ జబ్బు ఉన్నవారూ ఉన్నారు. ఒకే భాష వచ్చినవారికంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకు ఇది సంతోషమే. అయితే రెండు భాషలు వచ్చినంత మాత్రాన జబ్బు రాదని కాదు.

ఇంట్లోవారు ఏం చేయాలి?

ముందు నరాల వైద్యుడికి చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మానసిక కుంగుబాటు వంటివి కూడా ఇలా కనిపించవచ్చు, వాటికి చికిత్స ఉంది. వైద్యుడికి స్కాన్ ఎంత అవసరమో, ఇంట్లోవారు చెప్పే వివరం అంతే అవసరం. మార్పు ఎప్పుడు మొదలైందో, ఏమేం జరిగాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు నేటికీ లేదు. కొన్ని లక్షణాలను మాత్రం మందులతో తగ్గించవచ్చు. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో సలహా అడగవచ్చు.

రోగితో వాదించకండి, అతడు కావాలని చేయడం లేదు. దుకాణం తాళాలు, బ్యాంకు లావాదేవీలు, బండి తాళం ఆలస్యం చేయకుండా నమ్మకమైనవారి చేతికి రావాలి. ఆస్తిని సంబాళించలేనివారి చేతికి దాన్ని అప్పగించక, అందులోంచే వారికి తిండి, బట్ట ఇచ్చి, మంచి మాట మాట్లాడమని సూరా నిసా ఐదో ఆయత్ బోధిస్తుంది. సొమ్ము కాపాడడం, గౌరవం కాపాడడం రెండూ అందులో ఉన్నాయి.

దాతలు ఏం చేయగలరు?

నిర్మల్ నుంచి హైదరాబాద్ దాదాపు రెండొందల కిలోమీటర్లు. రోగిని ఒంటరిగా పంపలేం. తోడు వెళ్లేవారి కూలి పోతుంది. ప్రయాణ ఖర్చు, స్కాన్ ఖర్చు, పిల్లల ఫీజు, నెల రేషన్: ఈ నాలుగింటికి సాయం కావాలి. తెలియక చేసిన అప్పులూ మిగులుతాయి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒకరు. ఏ ఇల్లు ఆ కోవలోకి వస్తుందో ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు.

డబ్బు లేనివారు కూడా ఇవ్వగలిగినది ఒకటుంది. రాత్రింబగళ్లు కాపలా కాసే ఆ ఇల్లాలికి నిద్ర లేదు, పైగా నిందలు. ఆమె గడపకు వెళ్లి, "ఆపా, రెండు గంటలు మేం చూసుకుంటాం, మీరు కాస్త పడుకోండి" అనండి.