యాప్ నడుస్తుండగానే నిఘా

ప్రశ్న: మా సీ ప్లస్ ప్లస్ యాప్ పరీక్షల్లో బాగానే నడుస్తుంది. వాడేవాళ్ల ఫోన్లలో మాత్రం అప్పుడప్పుడు క్రాష్ అవుతోంది. మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రైండ్ పెట్టి చూస్తే మరీ నత్తనడక. వేరే దారి ఉందా?

జవాబు: వాల్‌గ్రైండ్ ప్రతి ఆదేశాన్నీ తిరగరాసి నడిపిస్తుంది. అందుకే వేగం 20, 30 రెట్లు పడిపోతుంది. ముందు అవే తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి చూడండి. దాదాపు రెండు రెట్ల భారంతో సరిపోతుంది. మెమరీ ఎక్కువే తింటుంది కాబట్టి అది ఆఫీసుకే పరిమితం.

జనం చేతిలోని ఫోన్లకు హార్డ్‌వేర్ సాయం కావాలి. కొన్ని ఆర్మ్ ప్రాసెసర్లలోని మెమరీ ట్యాగింగ్ 16 బైట్ల ప్రతి ముక్కకూ 4 బిట్ల గుర్తు వేస్తుంది. అదే గుర్తు పాయింటర్ పైబిట్లలోనూ ఉంటుంది. రెండూ కలవకపోతే ప్రాసెసరే పట్టేస్తుంది. మెమరీని వదిలేయగానే గుర్తు మారుతుంది కనుక పాత పాయింటర్ దొరికిపోతుంది. గుర్తులు 16 మాత్రమే కాబట్టి ఒక్కోసారి తప్పు జారిపోతుంది. అయితే వేల ఫోన్లలో ఏదో ఒకటి పట్టుకోకపోదు!

ఇందులో సింక్ పద్ధతి తప్పు జరిగిన చోటే ఆపుతుంది, ఎసింక్ తేలిక గానీ కచ్చితమైన చోటు చెప్పదు. 2023లో వచ్చిన పిక్సెల్ 8లో డెవలపర్ ఆప్షన్లలో మెమరీ ట్యాగింగ్‌ను ఆన్ చేసుకోవచ్చు. ఈ సదుపాయం లేని ఆండ్రాయిడ్ ఫోన్లకు, కొన్ని కేటాయింపులను మాత్రమే ఎంచి చూసే జీడబ్ల్యూపీ-ఏశాన్ ఉంది.