అంగారక యాత్ర

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. దారిలో బస్సు ఆగిపోతే మరొక బస్సు వస్తుంది. అంగారక గ్రహం భూమికి మిక్కిలి చేరువైనప్పుడు సైతం దాదాపు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ మార్గంలో ఆదుకొనేవారు ఉండరు.

శ్రీహరికోట నుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. యంత్రానికి అన్నపానాదులు అక్కరలేదు. తిరిగి రావలసిన పనీ లేదు. మానవునికి ఈ రెండూ తప్పనిసరి.

తెలంగాణ మూలాలుగల రాజాచారి 2021-22లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో దాదాపు ఆరు నెలలు గడిపారు. అక్కడి భారరహిత స్థితిలో ఎముకలు క్షీణిస్తాయి. అయినా భూమి 400 కిలోమీటర్ల దూరమే కనుక ఆపద కలిగితే గంటలలో దిగిరావచ్చు. అంగారక యాత్రికుని మాట భూమికి చేరడానికే 3 నుండి 22 నిమిషాలు పడుతుంది. ప్రాణాపాయ వేళ నిర్ణయం అతనిదే. ప్రయాణానికి అనువైన సమయం 26 నెలలకు ఒకసారి మాత్రమే లభిస్తుంది. కాబట్టి సాధారణంగా ఏడాదికి పైగా అక్కడే వేచి ఉండాలి.

క్షేమంగా తిరిగి రప్పించగల విజ్ఞానం సమకూరిన నాడే ఆ యాత్ర సఫలమవుతుంది.

అర్థాలు: సైతం = కూడా; కక్ష్య = గ్రహం చుట్టూ తిరిగే మార్గం; క్షీణించు = తగ్గిపోవు

ప్రశ్న: యంత్రాన్ని పంపడానికీ, మానవుని పంపడానికీ గల భేదాన్ని వివరించండి.