ఖాళీ తూటాలో మళ్లీ మందు నింపుకోవచ్చా?

ప్రశ్న: ఆరేళ్లుగా రైఫిల్ క్లబ్‌లో సభ్యుణ్ని. తుపాకీకి లైసెన్సు ఉంది. మా బావమరిది టెక్సస్‌లో ఉంటాడు. కాల్చేసిన తూటాల ఖాళీలు ఏరుకొచ్చి, గరాజ్‌లో ఒక ప్రెస్సు బిగించుకుని, తనే మళ్లీ నింపుకుంటాడు. బోలెడు డబ్బు మిగులుతుందట. ఈసారి వచ్చేటప్పుడు నాకూ ఒక ప్రెస్సు తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా? మన దగ్గర కూడా అనుమతి కావాలని షూటర్లందరం కలిసి అడిగితే ఇస్తారా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు: వద్దు. ఆయన సామాను సర్దకముందే ఫోన్ చేసి చెప్పండి. రెండో ప్రశ్నకు జవాబు కాస్త పొడుగు. అందులో కొంత ఆశ కూడా ఉంది.

మందుగుండు అంటే నిండు తూటా అనే మనందరం అనుకుంటాం. 1959 నాటి ఆయుధాల చట్టం అలా అనుకోలేదు. అందులో రెండో సెక్షన్ 'అమ్యూనిషన్'కు ఇచ్చిన అర్థంలో తూటాలే కాదు, తూటాల విడిభాగాలూ ఉన్నాయి, తూటాలు తయారుచేసే యంత్రాలూ ఉన్నాయి. చీరలు, చాక్లెట్ల మధ్య చుట్టిపెట్టి తెచ్చిన ఇనప ప్రెస్సును మీరు పనిముట్టు అంటారు. కస్టమ్స్ అధికారి దాన్ని మందుగుండు కింద రాసుకుంటే కాదనడానికి మీ దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. దేశంలోకి ఆయుధాలు, మందుగుండు తేవడానికి పదో సెక్షన్ కింద విడిగా లైసెన్సు కావాలి.

'నాకు లైసెన్సు ఉంది కదా' అంటారు. ఉన్నది మూడో సెక్షన్ కింద, తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి. తయారీ ఐదో సెక్షన్ కిందికి వస్తుంది. దానికి వేరే లైసెన్సు. కల్లు కొనుక్కుని తాగుతున్నాం కదా అని తాటిచెట్టు ఎక్కి గీస్తామంటే ఊరుకుంటారా? గీతకు లైసెన్సు వేరు. ఇదీ అంతే. చట్టంలో 'రీలోడింగ్' అనే మాట లేదు గనుక అది తయారీ కిందికి రాదని వాదించవచ్చుగా అని ఒక కుర్ర షూటర్ నన్ను అడిగాడు. వాదించవచ్చు. ఆ వాదన కోర్టులో నిలుస్తుందో లేదో తేలేదాకా జైల్లో ఉండేది మాత్రం వాదించే లాయరు కాదు.

ఎందుకంటే శిక్ష చిన్నది కాదు. లైసెన్సు లేకుండా ఆయుధాలు, మందుగుండు తయారుచేస్తే 25వ సెక్షన్ కింద 2019 సవరణకు ముందు మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. ఆ సవరణ తర్వాత ఏడేళ్లు అన్నది కనీసం, యావజ్జీవం అన్నది గరిష్ఠం. దొంగచాటుగా నాటు తుపాకులు చేసి అమ్మే ముఠాలను దృష్టిలో పెట్టుకుని బిగించిన సెక్షన్ అది. కానీ దాని మాటల్లో ముఠాకూ, పోటీకి సాధన చేసే షూటర్‌కూ తేడా చూపే గీత ఎక్కడా లేదు. వెయ్యి తూటాలకూ అదే సెక్షన్, ఒక్క తూటాకూ అదే సెక్షన్.

మందు సంగతి వేరే ఉంది. అది 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాల పరిధిలోకి వస్తుంది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో గ్యాస్ సిలిండర్ పక్క గదిలో మందు డబ్బా పెట్టుకునే ఆలోచన చట్టానికే కాదు, కింది ఫ్లాటు వాళ్లకూ నచ్చదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అడిగే ముందు ఏం అడుగుతున్నామో తెలియాలి. ఒకసారి రేంజ్‌లో నేల మీద పడ్డ రెండు రకాల ఖాళీలు ఏరి అడుగు భాగం చూడండి. పాయింట్ 22 ఖాళీకి నొక్కు అంచు మీద ఉంటుంది. నిప్పు రాజేసే రసాయనం ఆ అంచు మడతలోనే ఉంటుంది గనుక సుత్తి అక్కడ కొడుతుంది. ఒకసారి పేలాక ఆ మడత పనికిరాదు. ఇంట్లో కూర్చుని దాన్ని మళ్లీ నింపడమనేది దాదాపు లేదనే చెప్పాలి. రెండో రకం, సెంటర్‌ఫైర్. దాని అడుగున నడిమధ్య చిన్న బిళ్లలాంటి ప్రైమర్ ఉంటుంది. సుత్తి దెబ్బ దాని మీదే పడుతుంది. బిళ్ల మార్చవచ్చు. ఇత్తడి తొడుగు బాగుంటే మళ్లీ వాడవచ్చు. మీ బావమరిది నింపుతున్నది ఇదీ, లేకపోతే పన్నెండు బోరు షాట్‌గన్ తూటాలూ.

మన షూటర్లలో ఎక్కువ మందికి ఈ అనుమతి అక్కరకు రాదనే సంగతి ఇక్కడే తేలిపోతుంది. గగన్ నారంగ్‌కు 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తూటాయే ఉండదు, సీసం పెల్లెట్ ఉంటుంది. మన ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది పాయింట్ 22. అక్కర ఉన్నది ఎవరికంటే సెంటర్‌ఫైర్ పిస్టల్, పెద్ద బోరు రైఫిల్ వాళ్లకు, అన్నిటికన్నా ఎక్కువగా, ఎగిరే మట్టి బిళ్లలను షాట్‌గన్‌తో కొట్టే ట్రాప్, స్కీట్ వాళ్లకు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టుతో స్వర్ణం, విడిగా కంచు గెలిచిన కైనన్ చెనాయ్ హైదరాబాద్ వాడే. ట్రాప్ అర్హత పోటీలో 125 బిళ్లలు ఎగురుతాయి, ఒక్కో బిళ్లకు రెండు దెబ్బలు వేయనిస్తారు. ఒక్క పోటీకే ఇంత ఖర్చయితే ఏడాది పొడుగునా సాధనకు ఎన్ని తూటాలు కావాలో లెక్క వేసుకోండి. మంచి పోటీ తూటాలు చాలావరకు విదేశాల నుంచి రావాలి. వాళ్లది గొంతెమ్మ కోరిక కాదు.

అయితే ప్రభుత్వం వైపు నుంచీ ఒకసారి చూడండి. మీరు దుకాణంలో తూటాలు కొంటే ఎన్ని కొన్నారో మీ లైసెన్సులోనూ పడుతుంది, డీలరు రిజిస్టరులోనూ పడుతుంది. ఇంట్లో నింపుకున్న తూటా ఏ పుస్తకంలోనూ పడదు. పోలీసుకు పట్టింపు ఆ లెక్క గురించే, మందు గురించి అంతగా కాదు. అనుమతి అడిగేవాళ్లు ఈ ఒక్కదానికి జవాబు పట్టుకెళ్లకపోతే మిగతా వినతిపత్రం ఎంత బాగా రాసినా ఫైలు కదలదు.

జవాబు దొరకనిదేం కాదు. బ్రిటన్‌లో తుపాకీ సర్టిఫికెట్ ఉన్న షూటర్ తన వాడకానికి తూటాలు నింపుకోవచ్చు. అక్కడి 2006 చట్టం ప్రకారం ప్రైమర్లు కొనాలంటే మాత్రం తనకు ఆ అర్హత ఉందని దుకాణంలో చూపించాలి. ఇత్తడినీ సీసాన్నీ వదిలేసి ప్రైమర్ దగ్గర పట్టుకున్నారన్నమాట. ప్రైమర్ లేనిదే తూటా పేలదు కదా! మనమూ అలాగే అడగవచ్చు. ఇళ్లలో వద్దు, గుర్తింపు ఉన్న క్లబ్బు ఆవరణలోనే. అది కూడా సెంటర్‌ఫైర్, షాట్‌గన్ తూటాలకే. ప్రైమర్ల లెక్క క్లబ్బు రిజిస్టరులో రాయాలి, ఆ లెక్క లైసెన్సు అధికారి ఎప్పుడైనా చూడవచ్చు. నా అభిప్రాయంలో ఇంటింటికీ అనుమతి అడిగితే ఏదీ రాదు. క్లబ్బుకు అడిగితే రావచ్చు.

దీనికి కొత్త చట్టం చేయనక్కరలేదు. ఆయుధాల చట్టం 41వ సెక్షన్ కింద, ప్రజాప్రయోజనం కోసం అవసరమనుకుంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్‌తో కొందరికి గానీ, కొన్ని రకాల ఆయుధాలకు గానీ మినహాయింపు ఇవ్వవచ్చు, షరతులూ పెట్టవచ్చు. అడగవలసిన తలుపు అదీ. షూటర్లు అడిగితే వినరనే మాట కూడా నిజం కాదు. 2019 సవరణ బిల్లు వచ్చినప్పుడు ఒక్కొక్కరికి మూడు తుపాకుల హద్దును ఒకటికి కుదించాలన్నారు. అభ్యంతరాలు వచ్చాయి. చివరికి చట్టంలో చేరింది రెండు. ఆ వెంటనే 2020 ఫిబ్రవరిలో హోం శాఖ క్రీడాకారుల కోసం నియమాలు సడలించింది. అంతర్జాతీయ పతక విజేతలకు, పేరున్న షూటర్లకు అంతకుముందు ఏడు వరకు ఉన్న మినహాయింపును పన్నెండు దాకా పెంచింది. జూనియర్లకు ఒకటి కాస్తా రెండయింది. సాధనకు కొనుక్కునే తూటాల కోటా కూడా పెంచింది.

చేయవలసింది ఇదీ. మీ క్లబ్బు నుంచి రాష్ట్ర సంఘానికి, అక్కడి నుంచి 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి, వాళ్ల ద్వారా కేంద్ర హోం శాఖకు వినతి వెళ్లాలి. ఈ విషయంలో ఇంతకుముందు వచ్చిన వినతులు ఏమయ్యాయో పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ ఎంపీని పట్టుకుంటే పార్లమెంటుకు పిటిషన్ కూడా వేయించవచ్చు. హైకోర్టుకు పరిగెత్తమని మాత్రం చెప్పను. మన రాజ్యాంగంలో ఆయుధం పట్టే ప్రాథమిక హక్కు లేదు. ఇది ప్రభుత్వ విధానం సంగతి అని కోర్టు పక్కకు తప్పుకోవడానికే ఎక్కువ వీలుంది.

బావమరిది గురించి రెండు మాటలు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కరలేదు, అమ్మే వ్యాపారం చేస్తేనే కావాలి. కొన్ని రాష్ట్రాల పట్టింపులు వేరు. కానీ ఆయన వీసా ఏది? పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉంటే సరే. హెచ్1బీ మీదో, విద్యార్థి వీసా మీదో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అదే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. శనివారం స్నేహితులతో సరదాగా రేంజ్‌కు వెళ్లి ఫోటో పెట్టే మన పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఇంకొకటి, ఆయన సంచి. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగే విమానానికీ తెస్తారు, పక్క జేబులో ఒక తూటా ఉండిపోతుంది, శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో ఎక్స్‌రేలో బయటపడుతుంది. ఇలాంటి కేసుల్లో పనికొచ్చే రక్షణ ఉంది. తన దగ్గర అది ఉందని తెలిసి ఉంటేనే 'కలిగి ఉండటం' అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. వాడే ఉద్దేశం లేని చిల్లర విడిభాగాలకు 45వ సెక్షన్‌లోనూ మినహాయింపు ఉంది. ఈ ఆధారాలతో హైకోర్టులు కొట్టేసిన కేసులు ఉన్నాయి. కొట్టేయించుకునే లోపు విమానం పోతుంది, పాస్‌పోర్టు చిక్కుతుంది, సెలవంతా కోర్టు చుట్టూ తిరగడంతోనే అయిపోతుంది.

  

ప్రెస్సు టెక్సస్‌లోనే ఉండనివ్వండి. మీ క్లబ్బులో ఖాళీలు ఏరి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చే అలవాటు ఉంటే అది కూడా మానేయండి.